ముప్ఫై ఒకటో చోటు

ఆగస్టు 21

చిరంజీవి టెస్సాకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ చెల్లి హేజెల్, మీ అమ్మమ్మ, కుక్క, పిల్లి అందరం క్షేమం. క్షేమం అంటే వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. అంతకు మించి అడక్కు. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావనీ, బూట్లు కరిచి మడమలు పుళ్లు పడ్డాయనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. రెండు జతల మేజోళ్లు వేసుకో, పల్చటివి లోపల, మందమైనవి పైన. పదిహేడేళ్లుగా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతున్నవాడి మాట ఇది, మీ నౌకాదళం వాళ్లకి తెలియకపోవచ్చు.

శిక్షణ అయ్యేదాకా మీ దగ్గర ఫోన్లు ఉండనివ్వరని తెలిసి మీ అమ్మమ్మ తెగ సంతోషపడింది. "పోన్లే, ఈ వంకనైనా ఈ ఇంట్లో వాళ్లు నాలుగు ముక్కలు రాస్తారు" అంది. నేను చివరిసారి ఉత్తరం రాసింది మీ అమ్మకి, మా పెళ్లికి ముందు. అదీ రెండే రెండు వాక్యాలు. అందులో ఒకటి నా బండి చెడిపోయిన సంగతి. అలాంటివాణ్ణి ఇప్పుడు పేజీలు నింపుతున్నానంటే ఓపిక పట్టి చదువు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి వరసగా జవాబు చెబుతాను. నాలుగోది చివర్న. ముందే పేజీ తిప్పి చూడకు, చిన్నప్పుడు కథల పుస్తకాలకి అలాగే చేసేదానివి.

మొదటిది: మనం ఏటా వెళ్లే సరస్సు క్యాంపుకి మూడు వారాల ముందే నౌకాదళానికి వెళ్లిపోయినందుకు నీ మీద కోపంగా ఉన్నానా అని. లేదమ్మా. నువ్వు సంతకం పెట్టిన రోజు పక్కన కూర్చున్నది మీ అమ్మే. ఆవిడ సరేనన్న పనికి నేను కోపగించుకునేదేముంది? అదీగాక కోపం రావాలంటే ముందు మనిషికి ఏదో ఒకటి రావాలి కదా. నాకేమీ రావడం లేదు. ఫిబ్రవరి నుంచీ ఇంతే. మీ అమ్మని పూడ్చిన రోజు తెల్లవారుజామునుంచి మంచు కురిసింది గుర్తుందా, శ్మశానం దారి ఎవరు శుభ్రం చేశారో నువ్వు అడగలేదు. నేనే చేశాను. ఏడింటికి బండి తీసి, ఎనిమిదింటికల్లా పూర్తిచేసి, ఇంటికొచ్చి కోటు వేసుకుని మీతో బయల్దేరాను. అంచులు నీటుగా వచ్చాయి. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఆ అంచులే.

పాదిరిగారు "ఏడిస్తే భారం దిగుతుంది వెర్లిన్" అన్నారు. మీ అమ్మమ్మ అయితే, పాపం కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, నా ముఖంలోకి చూసి "ఏమయ్యా, నీ లోపల కూడా మంచు పడిందా?" అని అడిగింది. పడిందేమో. కడుపులో ఆకలి తెలుస్తుంది, వెన్నులో నొప్పి తెలుస్తుంది, మిగతాదేదీ తెలియడం లేదు.

ఇక రెండోది: ఇంతకీ క్యాంపుకి వెళ్లారా, వెళ్తే ఎలా జరిగిందని. వెళ్లాం.

వెళ్లాలని నేను అనుకోలేదు. జూలై మొదట్లో ఒక రోజు మీ అమ్మ మెయిల్‌కి పార్కు వాళ్ల సందేశం వచ్చింది. "నాడీన్, లూన్‌ఫుట్ సరస్సు స్టేట్ పార్కులో మీ విడిదికి ఇంక పదిహేను రోజులే! సరదాగా సర్దుకోండి!" హేజెల్ అది పైకి చదివి అక్కడే నిలబడిపోయింది. కిందటి ఆగస్టులో మీ అమ్మ బుక్ చేసినది కదా. అప్పటికి జబ్బు సంగతి ఎవరికీ తెలియదు, అక్టోబరులో కదా బయటపడింది. నేను రద్దు చేద్దామన్నాను.

"రద్దు చెయ్యడానికి నువ్వెవరు?" అంది మీ అమ్మమ్మ. "అది నా కూతురు చేసిపెట్టి వెళ్లిన బుకింగ్. దాని చివరి మాట లాంటిది. నేనొస్తున్నా. నా మోకాళ్లు నొప్పెట్టినా వస్తున్నా."

ఆవిడ డెబ్భై ఎనిమిదేళ్ల మోకాళ్ల ముందు నా మాట నిలుస్తుందా? సర్దుకున్నాం.

జూలై పద్ధెనిమిదిన మధ్యాహ్నం చేరాం. ఏటా మన టెంటు వేసే ముప్ఫై ఒకటో చోటు అలాగే ఉంది. నీళ్ల పక్కన, ఉయ్యాల కట్టుకునే రెండు బర్చ్ చెట్లు, కిందటేడు నువ్వు కాఫీ ఒలకబోసిన బల్ల. అన్నిటికంటే ముఖ్యంగా, స్నానాల షెడ్డుకి దూరం. మీ అమ్మకి అదే కదా పట్టింపు. ఆ షెడ్డు పక్కనుండే తొమ్మిదో చోటులో దిగినవాళ్లని చూసి ఏటా అనేది: "ముందుచూపు లేనివాళ్లకి తొమ్మిదో నంబరు రాసిపెట్టి ఉంటుంది." రాత్రంతా షెడ్డు దీపం టెంటులో పడుతుంది, తలుపు దడేల్మని మూసుకుంటుంది, పళ్లు తోముకోవడానికి వచ్చేవాళ్లంతా టెంటు తాళ్లకి తట్టుకుంటారు. అది తన నోట విని విని మనకి కూడా తొమ్మిదో నంబరు వాళ్లంటే లోకువ.

చోటు ముందరి స్తంభానికి చీటీ తగిలించి ఉంది. దాని మీద అచ్చులో: ఓస్గార్డ్, నాడీన్. ఐదు రాత్రులు. మనుషులు ఐదుగురు. పెంపుడు జంతువులు రెండు.

నేను బండి దిగి ఆ చీటీ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. హేజెల్ పిల్లిని భుజం మీద వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ల పిల్లలు ఏమీ అనకుండా ఉంటారని నాకు తెలియదు. నువ్వు ఆ వయసులో ఊరుకున్నది ఎప్పుడు?

ఈ ఏడు క్యాంపు చూసుకునేవాళ్లు మారారు. ఎప్పుడూ ఉండే ముసలాయన ఫ్లోరిడా వెళ్లిపోయాడట. కొత్తాయన పేరు ఓర్విల్, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు, గోధుమరంగు గడ్డి టోపీ పెట్టుకుని గోల్ఫ్ బండిలో తిరుగుతూ ఉంటాడు. వచ్చి కాగితం చూసి మమ్మల్ని లెక్కపెట్టాడు.

"ఐదుగురని ఉందండీ. మిగతా ఇద్దరూ?"

"వస్తారు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోటికి అది సులువుగా వచ్చింది. మీ అమ్మమ్మ నావైపు చూసి, టెంటు మూట విప్పడం మొదలుపెట్టింది.

ఆ టెంటు సంగతి చెప్పనివ్వు. ఏ కమ్మీ ఎందులోకి పోవాలో మీ అమ్మ ఒక్కదానికే తెలుసని మాకప్పుడే తెలిసింది. పద్నాలుగేళ్లుగా నేను తను చెప్పిన కొస పట్టుకుని నిలబడేవాణ్ణి, అంతే. మీ అమ్మమ్మ మడత కుర్చీలో కూర్చుని సేనాపతిలా ఆజ్ఞలు.

"నీలంది నీలందాంట్లోకి దూర్చవయ్యా!"

"రెండూ నీలంవే కదండీ అత్తగారూ."

"అయితే పెద్ద నీలంది. మా అమ్మాయి ఇరవై నిమిషాల్లో వేసేది."

"అయితే మీ అమ్మాయినే అడగండి" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. నాకు అది కూడా రాలేదు. రెండు గంటలకి టెంటు నిలబడింది, ఒక పక్కకి ఒరిగి. మన పిల్లి డీకన్‌గాడు మాత్రం, పిల్లులకి వేసే ఆ ఎర్ర నడికట్టుతో బల్ల మీద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పెద్దమనిషిలా చూశాడు. దారిన పోయేవాళ్లంతా వాడితో ఫోటోలు దిగారు. ఆ ఐదు రోజులూ మాలో సుఖపడినవాడు వాడొక్కడే.

హేజెల్ రెండు చేపలు పట్టింది. చిన్నవి, వదిలేసింది. సాసేజీలు కాల్చాం, మాడాయి. వాన పడలేదు. ఇది రెండో ప్రశ్నకి జవాబు.

మూడోది: మన కుక్క గ్రేవీ తింటున్నాడా, వాణ్ణి తాడు లేకుండా వదలడం లేదు కదా అని. ఇది కాస్త పొడుగు.

తింటున్నాడు, సగం. ఫిబ్రవరి నుంచీ బక్కచిక్కాడు. ఎంత చిక్కాడో నేను గమనించలేదు, అదీ నా తప్పే. అందుకే మెడపట్టీ వదులైపోయింది. రెండో రోజు పొద్దున లేచి చూస్తే తాడు చివర పట్టీ ఉంది, గ్రేవీ లేడు. మీ అమ్మమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. హేజెల్ సరస్సు వైపు పరిగెత్తింది, నేను రోడ్డు వైపు.

వాడు స్నానాల షెడ్డు దగ్గరున్నాడు. ఆడవాళ్ల తలుపు ముందు, మెట్టు మీద, ముందు కాళ్లు రెండూ జాపుకుని.

నీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి పొద్దునా ఆరున్నరకి మీ అమ్మ నీలం తువ్వాలు భుజాన వేసుకుని వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లేది. సైకిళ్లు పెట్టే కమ్మీకి కట్టేసి, "ఇప్పుడే వస్తా, కదలకు" అనేది. వాడు కదిలేవాడు కాదు. కుక్కపిల్లగా నువ్వు తెచ్చిన దగ్గర్నుంచీ వాడు వినే ఆజ్ఞ అదొక్కటే. తొమ్మిదేళ్లు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా వాడి చెవులు లేచేవి. ఎవరో వేరే ఆవిడ బయటికి రాగానే పడిపోయేవి. ఆడవాళ్లు వాణ్ణి దాటుకుంటూ వెళ్తున్నారు. నేను ఎత్తుకుని తీసుకొచ్చాను. పట్టీ ఉన్న చివరి కన్నం దాకా బిగించి కట్టాను. మూడో రోజు పొద్దున మళ్లీ లేడు. ఈసారి వెతకలేదు, తిన్నగా అక్కడికే వెళ్లాను. ఓర్విల్ గోల్ఫ్ బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, ఈ కుక్క మీదేనా?"

"మా ఆవిడది."

"అయితే ఆవిణ్ణే పంపించండి మరి. నేను పిలిస్తే రావట్లేదు, సాసేజీ చూపించినా రావట్లేదు. రూలు ఒకటుంది కదండీ, ఆరడుగుల తాడు తప్పనిసరి. ఎవరో కంప్లయింట్ కూడా ఇచ్చారు. ఆవిడొచ్చి పిలిస్తే లేస్తాడేమో."

"రాదండీ."

"మొన్న వస్తారన్నారుగా?"

"అబద్ధం చెప్పాను. పెద్దమ్మాయి నౌకాదళంలో ఉంది. మా ఆవిడ ఫిబ్రవరిలో చచ్చిపోయింది."

టెస్సా, ఆ మాట నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా అనలేదు. నీకు డాక్టరు చెప్పాడు. చుట్టాలకి మీ అమ్మమ్మ చెప్పింది. ఊరికి పాదిరిగారు చెప్పారు. నా తరఫున అందరూ చెప్పేశారు, నేను తలూపుతూ వచ్చాను. మొదటిసారి ఆడవాళ్ల స్నానాల షెడ్డు ముందు, గడ్డి టోపీ పెట్టుకున్న ఒక కొత్త మనిషితో అన్నాను. అని, ఏమవుతుందా అని చూశాను. ఏమీ కాలేదు. ఒకావిడ పళ్లు తోముకునే బ్రష్షు పట్టుకుని మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లింది.

ఓర్విల్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు. జరిమానా కాగితం తేవడానికేమో అనుకున్నాను. పది నిమిషాలకి ఒక మడత కుర్చీ, గిన్నెడు నీళ్లు పట్టుకొచ్చాడు.

"తాడు మీ చేతిలో ఉంటే చాలండీ" అన్నాడు. "ఎక్కడ కూర్చోవాలో రూల్లో లేదు."

అలా కూర్చున్నాను. యాభై రెండేళ్ల మగవాణ్ణి, ఆడవాళ్ల స్నానాల షెడ్డు ముందు కుర్చీ వేసుకుని. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు నన్ను ఎలా చూశారో ఊహించుకో. ఒకావిడ అయితే తన కూతుర్ని నా వైపు నుంచి అటు పక్కకి లాక్కుంది. హేజెల్ అట్లు తెచ్చిపెట్టి, "నాన్నా, నువ్వు అచ్చం పోలీసులు వెతికేవాడిలా ఉన్నావు" అంది. ఆ తర్వాత నేల మీద గ్రేవీ పక్కన కూర్చుంది.

మీ అమ్మమ్మ కూడా వచ్చింది. "నా స్నానం అయ్యేదాకా ఇక్కడే ఉండండి, నన్నెవరూ ఎత్తుకుపోకుండా" అని లోపలికి వెళ్లింది. బయటికొచ్చేటప్పటికి ఆవిడ భుజం మీద మీ అమ్మ నీలం తువ్వాలు ఉంది. ఇంట్లోంచి తెచ్చినట్టు నాకు తెలియదు. గ్రేవీ లేచి నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లి తువ్వాలు వాసన చూశాడు. తోక రెండుసార్లు ఊపాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు. మళ్లీ వచ్చి మెట్టు మీద పడుకున్నాడు.

మీ అమ్మమ్మ అప్పుడు ఏడ్చింది, హేజెల్ కూడా. నేను తాడు పట్టుకుని కూర్చున్నాను. దోమలు కుట్టాయి. మిగతా రోజులు కూడా ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అదే పని. ఎనిమిదైతే వాడంతట వాడే లేచేవాడు, మేం టెంటు దగ్గరికి వచ్చేవాళ్లం. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: వాడు సగం తింటున్నాడు, తాడు లేకుండా వదలడం లేదు.

ఇక నాలుగోది. నువ్వు రాసిన మాటలే మళ్లీ రాస్తాను: "ఆగస్టు పద్ధెనిమిది మర్చిపోకు నాన్నా. ముప్ఫై ఒకటి బుక్ చెయ్యి. ఏడాది ముందే ఆ తారీకులకి సెలవు అడుగుతాను. రోజూ పడుకునేటప్పుడు ఆ రెండు బర్చ్ చెట్లే తలుచుకుంటున్నాను."

మర్చిపోలేదు. అది నువ్వు తెలుసుకోవాలి. మర్చిపోయి ఉంటే ఈ ఉత్తరం రాయడం ఇంత కష్టమయ్యేది కాదు.

ఆ పొద్దున మీ అమ్మ ఎలా ఉండేదో తెలుసుగా. పదకొండు నెలల ముందు ఆ తారీకున సరిగ్గా తొమ్మిదింటికి బుకింగ్ తెరుస్తారని, ఎనిమిదిన్నర నుంచే వంటగది బల్ల దగ్గర కూర్చునేది. ఇంట్లో ఎవరూ ఇంటర్నెట్ వాడకూడదు. "ఊపిరి కూడా మెల్లగా పీల్చండి" అనేది. తొమ్మిది కొట్టగానే నొక్కేది, నొక్కి గెలిచినట్టు చెయ్యి పైకెత్తేది. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

నేనూ ఎనిమిదిన్నరకి కూర్చున్నాను. కాఫీ పెట్టుకున్నాను. తన పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద చీటీలోనే ఉంది. తొమ్మిదైంది. ముప్ఫై ఒకటి పచ్చగా వెలిగింది. నొక్కితే తర్వాతి పేజీ వచ్చింది. పేరు: నాడీన్ ఓస్గార్డ్. ఇది సరైనదేనా? అవును, మార్చండి. రెండు మీటలు.

అవును అని నొక్కలేకపోయాను. మార్చండి అని కూడా నొక్కలేకపోయాను.

కష్టంగా ఉందా అంటే అదీ లేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని కాఫీ కప్పు చూస్తూ కూర్చున్నాను. తర్వాత స్క్రీను చూస్తే తొమ్మిదీ నాలుగు. ముప్ఫై ఒకటి ఎర్రగా మారింది. ఎవరో తీసుకున్నారు. పద్నాలుగేళ్లు మీ అమ్మ కాపాడిన చోటుని నేను నాలుగు నిమిషాల్లో పోగొట్టాను, అదీ ఎదురుగా కూర్చుని.

హేజెల్ మెట్ల మీంచి అడిగింది: "అయిందా నాన్నా?"

"అయింది" అన్నాను. రెండో అబద్ధం. నీకు కూడా అదే రాద్దామని కాగితం తీశాను. నిన్న మొదలుపెట్టిన ఉత్తరంలో "ముప్ఫై ఒకటి మనదే" అని రాశాను కూడా. అది చింపేశాను. నువ్వక్కడ ఆ చెట్లు తలుచుకుంటూ నిద్రపోతున్నావని తెలిసి అబద్ధం రాయబుద్ధి కాలేదు. నన్ను క్షమించు తల్లీ.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఈ సాయంత్రం ఇంకొకటి జరిగింది.

డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ మీద, పాస్‌వర్డ్ చీటీ పక్కన, ఒక కాగితం అంటించి ఉంది. పార్కు వాళ్ల రసీదు. వచ్చే జూలై పద్ధెనిమిది, ఐదు రాత్రులు. చోటు: తొమ్మిది.

హేజెల్, మీ అమ్మమ్మ బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఇద్దరూ తలెత్తలేదు.

"ఇదేంటి?" అన్నాను.

"ఆ పొద్దున నువ్వు స్క్రీను చూడకుండా కప్పు చూస్తూ కూర్చున్నావు నాన్నా. మెట్ల మీంచి కనిపించింది" అంది హేజెల్. "అమ్మమ్మ ఫోన్‌లో మేం చేసేశాం."

"కార్డు నాది" అంది మీ అమ్మమ్మ. "అద్దాలు కనపడలేదు, అంకెలు పిల్ల చదివింది."

"అంతా నిండిపోయిందా? తొమ్మిదే మిగిలిందా?"

"లేదు. పదిహేడు ఖాళీగానే ఉంది, నీళ్ల పక్కనే. నలభై రెండు కూడా" అంది హేజెల్.

"మరి తొమ్మిదెందుకే? మీ అమ్మ వింటే..."

"గ్రేవీకి అక్కణ్ణుంచి తలుపు కనిపిస్తుంది" అంది హేజెల్. "నువ్వు కూడా కుర్చీ మోసుకెళ్లక్కర్లేదు."

మీ అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తూనే "దాని ముందుచూపంతా ఈ పిల్లకొచ్చింది" అంది.

నేను ఆ కాగితం మళ్లీ చదివాను. పేరు: ఓస్గార్డ్. ఒట్టి ఓస్గార్డ్, ముందు ఎవరి పేరూ లేదు. పెంపుడు జంతువులు రెండు. మనుషులు నలుగురు. వేళ్ల మీద లెక్కపెట్టాను, నేను, హేజెల్, మీ అమ్మమ్మ, నువ్వు. లెక్క సరిగ్గా ఉంది. ఐదు కాదు. అది సరిగ్గా ఉందని తెలిసి బల్ల దగ్గర కూర్చున్నాను, ఎవరో చేతిలో బఠాణీల గిన్నె పెట్టారు. ఏడ్చానని రాయను, ఎందుకంటే అది ఏడుపో కాదో నాకే తెలియదు. గిన్నె మాత్రం తడిసింది. మీ అమ్మమ్మ "ఉప్పు మళ్లీ వెయ్యక్కర్లేదు" అంది.

ఆ తర్వాత మన ఇంటి వెనక షెడ్డులోంచి మేకు, సుత్తి తెచ్చి గ్రేవీ మెడపట్టీకి ఇంకో కన్నం పొడిచాను. ఇప్పుడు సరిపోయింది. వాడు లావైతే పాత కన్నం ఉండనే ఉంది.

నువ్వు ఆ తారీకులకి సెలవు అడుగు. బర్చ్ చెట్లు అక్కణ్ణుంచి కనిపించవు, నడిచి వెళ్లాలి. దీపం రాత్రంతా వెలుగుతుంది, కళ్లకి కట్టుకోవడానికి గుడ్డ తెచ్చుకో. టెంటు కమ్మీల సంగతి ఈ చలికాలంలో నేర్చుకుంటాను, ముందు గదిలోనే వేసి చూస్తాను.

ఇట్లు,
నలుగురిలో ఒకడు,
మీ నాన్న